పనికిరాని ముక్కులు

ముక్కూ మొహం తెలియనివాళ్లు అంటూంటాం కదా. మా మావయ్యకి లోకంలో అందరి ముక్కులూ తెలుసు, మొహాలే తెలియవు. ఎదుటి మనిషి మాట సగంలో ఉండగానే జేబులోంచి చిన్న టార్చి తీసి "తల పైకెత్తు" అంటాడు. ఎత్తేదాకా వదలడు.

మా చెల్లికి కొడుకు పుట్టాడని ఫోన్ చేస్తే అందరూ బరువెంత, ఎవరి పోలిక అని అడిగారు. మావయ్య మాత్రం "రంధ్రాలు రెండూ సమానమేనా?" అన్నాడు. పిల్లాడి ఫొటో పంపితే తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఇక అత్తయ్యతో ఆయన పలికిన ఏకైక ప్రేమవాక్యం "నీకు గాలి బాగా ఆడుతుంది." ముప్పై ఏళ్లయినా అత్తయ్య ఆ మాట తలుచుకుని సిగ్గుపడుతూనే ఉంది.

ఆయన ఉద్యోగం అలాంటిది మరి. సూది లేకుండా ముక్కులో కొట్టే మందులు తయారుచేసే పరిశోధనశాల. నేనూ అక్కడే ఆయన చేతికింద పనిచేస్తాను. చేరిన రోజే నాకు పాఠం చెప్పాడు.

"ముక్కు లోపలి పొరలో రవాణా ప్రోటీన్లుంటాయి. కొన్ని మందుని చంకనెత్తుకుని లోపలికి తీసుకెళ్తాయి, కొన్ని మెడబట్టి బయటికి గెంటేస్తాయి. అచ్చం మన బిల్డింగే అనుకో. ఫైలు పట్టుకున్నవాణ్ణి లిఫ్టెక్కిస్తారు, చీపురు పట్టుకున్నావిణ్ణి మెట్లెక్కమంటారు."

"మరి ఎలుక ముక్కులో, మావయ్యా?"

"అక్కడ లిఫ్టు అందరిదీనూ. ఎలుకలు మనకంటే నయం."

ఆ తేడా దగ్గరే గొడవ మొదలైంది. తలనొప్పి మందొకటి ఎలుకల ముక్కుల్లోంచి జామ్మని రక్తంలోకి వెళ్లింది. మనుషుల్లో జాడే లేదు. మా డైరెక్టర్‌గారు "మోతాదు మూడింతలు చేసెయ్యండి" అన్నారు.

"మనిషి ముక్కు ఎంత గెంటేస్తుందో, ఎంత మింగేస్తుందో తెలియకుండా ఎలా సార్? ముందు మన ముక్కుకి దగ్గరగా ఉండే గొర్రెల్లో చూద్దాం. రెండు నెలలు ఆగండి."

"ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసిందిగా!"

"అయితే ఎలుకలకే అమ్మండి."

మర్నాడు తలుపు మీద మూడింతల మందు పరీక్షకి పేర్ల పట్టిక అంటించారు. కిటికీలు తుడిచే అక్క, క్యాంటీన్లో గిన్నెలు కడిగే పిన్ని, పెట్టెలు మోసే పెద్దాయన. ప్రశ్నలడిగే ముక్కు ఒక్కటీ లేదు. స్వచ్ఛందం అని పైన రాశారు గానీ, కాదంటే పని ఉంటుందో ఊడుతుందోనని ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. మందు కొట్టించుకున్న గంటకి అక్క మళ్లీ ఐదో అంతస్తు కిటికీకి తాడుతో వేలాడాలి.

అడ్డం ఒక్కటే. ముక్కు చూసి మావయ్య సరేనంటేనే ఎవరికైనా మందు కొట్టాలని నియమం.

అక్క ముక్కులోకి టార్చి వేసి మావయ్య మొహం చిట్లించాడు. "ఛీ! ఎడమవైపు వంకర. పనికిరాదు."

"నా ముక్కుకేం తక్కువ సార్? ఊరంతా మెచ్చుకున్న ముక్కు!"

"ఊరికి టార్చి లేదమ్మా."

పిన్ని ముక్కు ఇరుకన్నాడు. పెద్దాయనది పాతకాలం ముక్కన్నాడు. ముగ్గురూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్లారు.

"ఇక మిగిలింది నాదే సార్" అని మావయ్య డైరెక్టర్ పక్కన కూర్చుని మూడింతల మందు కొట్టించుకున్నాడు.

పది నిమిషాలు ఏమీ కాలేదు. డైరెక్టర్ "చూశారా! ఉత్త భయ..." అనేలోపు మావయ్య తల ఆయన భుజం మీద వాలిపోయింది. గురక మొదలైంది. డాక్టరమ్మ పరుగున వచ్చి నాడి చూసి, "ప్రమాదం లేదు, నిద్రే. కానీ కదపొద్దు" అంది. సాయంత్రం దాకా డైరెక్టర్ భుజం కదపలేదు. టీ కూడా ఎడంచేత్తోనే తాగారు.

ఐదో అంతస్తు కిటికీ బయట తాడుకి వేలాడుతూ అద్దం తుడుస్తున్న అక్క ఇదంతా చూసింది. ఒకే చోట గుడ్డ అరగంట తిప్పింది.

కిందికి దిగి నా దగ్గరికొచ్చింది. "ఆ నిద్ర నాకు పట్టుంటే?"

మావయ్య చూసిన ప్రతి ముక్కు గురించీ రాసుకునే పుస్తకం తీసి ఆమె పేజీ చూపించాను. 'నిటారైన ముక్కు. గాలి చక్కగా ఆడుతోంది. పిల్లలిద్దరు. ఐదో అంతస్తు.'

"దొంగ సచ్చినోడు" అంది అక్క, కళ్లనిండా నవ్వుతో.

వారం తిరక్కుండానే డైరెక్టర్ "పోనీ, రెండింతలు?" అన్నారు. మావయ్య కుర్చీ లాక్కున్నాడు. అప్పుడే తలుపు తోసుకుని అక్క, వెనకాలే పిన్ని, పెద్దాయన వచ్చారు. అక్క తిన్నగా వెళ్లి మావయ్య జేబులోంచి టార్చి లాక్కుంది.

"తల పైకెత్తండి సార్."

జన్మలో మొదటిసారి మావయ్య తల ఎత్తాడు.

"ఛీ! వంకర. పనికిరాదు."

"ఇరుకు కూడానూ" అంది పిన్ని.

"పాతకాలంది" అన్నాడు పెద్దాయన.

అక్క టార్చి మెల్లిగా డైరెక్టర్ వైపు తిప్పింది. అలవాటు లేని మనిషి, పాపం, తల ఎత్తేశారు.

"అబ్బబ్బ! ఏం ముక్కండీ సార్! ఇలాంటి ముక్కు కోసమేగా ఇన్నాళ్లూ వెతుకుతున్నాం!"

డైరెక్టర్ చేత్తో ముక్కు మూసుకుని, ఆ చేతిలోంచే అడిగారు.

"గొర్రెలు ఎన్ని కావాలన్నారు?"