పేరు కొట్టేస్తారని

చిన్నప్పుడు నేను దయ్యాలకు భయపడలేదు, పాములకు భయపడలేదు. హాజరీ పట్టీకి భయపడ్డాను. అట్టలు చిరిగిన ఆ పొడవాటి పుస్తకం పంతులు చంకలో కనబడితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోయేవి.

సికింద్రాబాద్ స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. బడి నాలుగు గల్లీల అవతల. పొద్దున నల్లా దగ్గర నీళ్లు పట్టే పని నాది. నల్లా ఎప్పుడు వస్తే అప్పుడు నా చదువు మొదలయ్యేది. రెండు బిందెలు ఇంటికి చేర్చి, తడిసిన లంగాతోనే పరుగెత్తేదాన్ని. సగం దారిలో ఉండగానే గంట కొట్టేవారు. పంతులు మాత్రం మౌలాలి నుంచి రోజూ నడిచి వచ్చి కూడా ఏనాడూ ఆలస్యం చేయలేదు. అలాంటి మనిషి ముందు ఏ సాకు నిలుస్తుంది?

మా బడిలో మూడు ఆలస్యాలు ఒక గైర్హాజరు కింద లెక్క. పది గైర్హాజర్లయితే పేరు మీద ఎర్రసిరా గీత పడేది. మిగతా పిల్లలకు ఆ గీత అవమానం, అంతే. మళ్లీ తల్లో తండ్రో వచ్చి బతిమాలుకుంటే పేరు ఎక్కేది. నాకు అలా కాదు. "పేరు కొట్టేసిన నాడు దీని సదువు బంద్. మళ్ల తోలేది లేదు" అని మా నాయనమ్మ నాన్న దగ్గర మాట తీసుకుంది. ఆమెకు నా మీద కోపమేమీ లేదు, ఇంటికి నీళ్లు మోసే మనిషి కావాలి. అది తెలిసే నాకు ఒళ్లు మండేది. నేను నాలుగో తరగతికి వచ్చేసరికి తొమ్మిది గైర్హాజర్లు నా ఖాతాలో ఉన్నాయి.

ఎగ్గొట్టిన పిల్లల్ని పట్టి తేవడానికి నలుగురు పెద్ద పిల్లలు ఉండేవాళ్లు. రెండు చేతులతో తలుపు బాది, "బడి నుంచి వచ్చినం, బయటికి రా!" అని గల్లీ అంతా వినబడేలా అరిచేవాళ్లు. దొరికినవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి మోసుకొచ్చేవాళ్లు. దారి పొడుగునా జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఆ ఏడు నిజాం రాజ్యం పోయింది. పోలీసు చర్య అన్నారు. యూనియన్ సైన్యం లారీల్లో వచ్చింది, బడి కొన్నాళ్లు మూతపడి మళ్లీ తెరిచారు. ఇళ్లలో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఎవరిని పట్టుకుపోయారో, ఎవరు కనబడకుండా పోయారో, అవే మాటలు. మేము లోపలికి వస్తే ఆపేసేవారు. బడి తెరిచాక కూడా రానిది మా గల్లీ దర్జీ కూతురు. నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్లు ముస్లింలు, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. మా నాన్న చొక్కాలూ నా లంగాలూ కుట్టింది ఆ దర్జీయే.

ఆ రోజు నేను మళ్లీ ఆలస్యం. మూడోది. అంటే పదో గైర్హాజరు. పంతులు ఎర్రసిరాలో కలం ముంచి నా వంక చూశాడు.

"దర్జీ పిల్ల మీ గల్లీల్నే గదా ఉంటది? పరదా ఇల్లు, మగపోరగాండ్లను తోలేటట్టు లేదు. నువ్వు పోయి తీస్కరా. తెస్తే నీది హాజరీ వేస్త. లేకుంటే ఇద్దరి పేర్లు కొట్టేస్త."

పరుగెత్తాను. తలుపు మూసి ఉంది. నాకు పిలవడం ఎలాగో తెలిసింది ఒక్కటే. రెండు చేతులతో తలుపు బాది, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"బడి నుంచి వచ్చినం, బయటికి రా!"

లోపల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత చప్పుడు లేదు. మళ్లీ బాదాను. చాలాసేపటికి వేలెడంత తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల తల్లి, నేను ఖాలా అని పిలిచే ఆమె, నన్ను చూసి, నా వెనక గల్లీ చూసి, రెక్క పట్టి లోపలికి లాగింది.

"నువ్వా బేటీ! గిట్ల కొడ్తరా తలుపు? పానం పోయింది."

మూలన పరుపుల దొంతర వెనక దర్జీ కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు చేతులతో చుట్టుకున్నాడు. అంత పెద్దమనిషి నాకు భయపడ్డాడు. నాకూ భయం వేసింది, ఆయన్ని చూసి.

"రజాకార్లు గుడ్డ తెస్తే ఖాకీ అంగీలు కుట్టిండు. ఎవరు తెస్తే వాళ్లకు కుట్టుడే గదా ఆయన పని?" అంది ఖాలా. "ఇప్పుడు ఆయన కోసం అడుగుతున్నరంట. ఇల్లు తాళం ఉందని చెప్పు బేటీ. నీకు మొక్కుత."

ఒట్టు వేశాను. వచ్చేస్తుంటే ఆ పిల్ల నా పక్కకు వచ్చి, "సారు లెక్కలు ఎంతదాక చెప్పిండు?" అని మెల్లగా అడిగింది.

దారంతా "తాళం ఉంది సార్, తాళం ఉంది సార్" అనుకుంటూ వచ్చాను. తరగతి గుమ్మంలోకి వచ్చేసరికి పంతులు పట్టీ తెరిచే ఉంచాడు.

"ఏది పిల్ల?"

"తాళం ఉంది సార్."

"తాళం ఉంటే గింతసేపు ఏం జేసినవ్?" కలం మళ్లీ సిరాలో మునిగింది. నా పేరు మీదికి వచ్చింది. నాకు నల్లా కనబడింది, బిందెలు కనబడ్డాయి, ఇక జన్మంతా అవే అనిపించింది.

"లేదు సార్, ఇంట్లనే ఉన్నరు! వాళ్ల నాయన సుత ఉన్నడు. పరుపుల ఎనక దాక్కున్నడు!"

నలభై మంది పిల్లలం. అందరికీ వినబడింది. పంతులు మొహం పాలిపోయింది.

"నేను పిల్ల గురించే అడిగిన" అన్నాడు.

కలం మార్చి నాకు హాజరీ వేశాడు. తర్వాత అందరివైపు చూసి, "ఈ ముచ్చట ఇంట్ల ఎవ్వరు చెప్పొద్దు" అన్నాడు. నలభై తలలూ ఊగాయి. ఆ సాయంత్రం నలభై ఇళ్లకు వెళ్లాయి.

మర్నాడు నల్లా పెందలాడే వచ్చింది. బడికి పోతూ చూశాను. దర్జీ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. పొద్దున్నే లారీ వచ్చిందని, ఆయన్ని ఎక్కించుకుపోయారని ఎదురింటివాళ్లు చెప్పుకుంటున్నారు. నా మాట వల్లనే అని ఎవరూ రుజువు చేయలేదు. నాకు మాత్రం అందులో ఈ వయసుకూ సందేహం లేదు.

ఎన్నడూ గడప దాటని ఖాలా నెత్తిన ముసుగు లేకుండా గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది. తెలిసిపోయిందనుకున్నాను, ఆగిపోయాను. కొడుతుందేమో, తిడుతుందేమో. కొడితే బాగుండుననిపించింది.

"ఏం నిలబడ్డవ్ బేటీ?" అంది. "జల్ది పో. మళ్ల లేటైతే నీ పేరు కొట్టేస్తరు."

ఆలస్యమవుతుందని పరుగెత్తాను.