దత్తు వచ్చినవాడి నెత్తురు

1894 వేసవిలో నన్ను నరసాపురం స్టేషనుకు హెడ్ కానిస్టేబులుగా వేశారు. నేను చేరిన వారానికే కొత్త ఇన్‌స్పెక్టరుగారు దిగారు. దొంగబుద్ధి నెత్తుట్లోనే పుడుతుందని ఆయన ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివారట. జైలుకెళ్ళినవాళ్ళ కొడుకులందరినీ అనుమానితుల రిజిస్టరులో ఎక్కించమని హుకుం ఇచ్చారు. అందులో పేరు పడ్డవాడు రోజూ పొద్దున్నే స్టేషనుకొచ్చి హాజరు చెప్పుకోవాలి.

రేవు పడవ నడిపే సత్తెయ్య కన్నతండ్రి జైల్లోనే పోయాడు. రెండేళ్ళ పసివాణ్ణి చేపలు పట్టే పోలయ్య దత్తు తీసుకున్నాడు. ఇప్పుడు పేరు ఎక్కితే పొద్దుటి పడవ తప్పుతుంది, దాంతో రేవు పనీ పోతుంది.

నేను రిజిస్టరుతో వెళ్ళేసరికి పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

“రాసుకోండి బాబూ. కానీ తండ్రి పేరు నాదే రాయాలండి. కులపెద్దల ముందు పసుపునీళ్ళు తాగించి దత్తు తెచ్చుకున్నానండి. ఇంకా పాత నెత్తురెక్కడుంటదండీ?”

తండ్రి పేరు పక్కన తండ్రి నేరాల గడి ఉంటుంది. ఏ గడీ ఖాళీగా వదలకూడదని నియమం. అందుకని ఉన్నదున్నట్టు రాశాను: తండ్రి పోలయ్య, నేరాలు లేవు, వరదలో ఇద్దర్ని ఒడ్డుకు చేర్చాడు. అది చూసి ఇన్‌స్పెక్టరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. రుజువు చూపిస్తానంటూ మర్నాడు నన్నూ, చుట్టపుచూపుగా వచ్చిన తన సొంత తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని సత్తెయ్య పడవెక్కారు. తన వెండి గడియారం బల్లమీద పెట్టి, గట్టు చూస్తున్నట్టు వెనక్కి తిరిగారు. నన్నూ తిరగమన్నారు. అవతలి ఒడ్డు చేరేసరికి గడియారం లేదు.

“చూశావా!” అన్నారు. సొత్తు పోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని నా సర్వీసులో మరొకర్ని చూడలేదు. సత్తెయ్యను సోదా చేశాను. గోచీ, తలపాగా తప్ప ఏమీ లేవు. అయితే సోదా ఒక్కడితో ఆపకూడదు, పడవలో ఉన్నవాళ్ళందరినీ చూడాలి. తమ్ముడుగారు కోటు విప్పనన్నారు. విప్పించాను. గడియారం లోపలి జేబులో ఉంది.

“సరదాకి తీశానన్నయ్యా!”

నేను రిజిస్టరు తెరిచి వినయంగా అడిగాను. “వీరి తండ్రిగారి పేరు ఏమని రాయమంటారండీ? నెత్తురొకటే కాబట్టి అన్నదమ్ముల్ని కూడా ఎక్కించాలాండీ?”

ఇన్‌స్పెక్టరుగారు రిజిస్టరు లాక్కుని చంకలో పెట్టుకున్నారు. హుకుం ఆ సాయంత్రమే రద్దయింది. మర్నాడు పొద్దుటి పడవ వేళకే కదిలింది.

తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. దొంగల కొడుకుల్లో దొంగల్నీ చూశాను, దొడ్డవాళ్ళనీ చూశాను. నెత్తురు సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. సోదా మాత్రం పడవలో అందరికీ చేయాలి.