సొరుగులో రాఖీలు

నా మనవరాలు రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన చలికాలంలో కాలేజీ మెట్ల మీద ఒక సీనియర్ కుర్రాడు అడ్డంగా నిలబడి ఆమె నడుము మీద చెయ్యి వేశాడు. తియ్యమంటే నవ్వాడు. మా పిల్ల అక్కడే గట్టిగా అరిచింది, ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు ఇచ్చింది. మర్నాడు పెద్దవాళ్ళని తీసుకురమ్మని కాలేజీ నుంచి కబురు. పిల్ల తల్లి, మా అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని ఉతికిన పంచె కట్టుకుని ధవళేశ్వరంలో బస్సెక్కింది నేనే.

ప్రిన్సిపాల్ గదిలో అప్పటికే ఆ కుర్రాడూ, వాళ్ళ నాన్నా ఉన్నారు. బల్ల మీద వాళ్ళు తెచ్చిన కాజాల పెట్టె. ప్రిన్సిపాల్ మర్యాదస్తుడే. నాకూ మా పిల్లకీ కుర్చీలు వేయించి, మంచినీళ్ళిప్పించారు.

"పెద్దవారు, మీకు తెలియందేముందండీ. కుర్రతనం. అమ్మాయి చేత వీడికో రాఖీ కట్టిద్దాం. ఇక మీదట అన్నాచెల్లెళ్ళు. ఇద్దరి చదువూ పాడవదు."

శ్రావణం వెళ్ళి ఎన్నాళ్ళో అయింది, ఇప్పుడు రాఖీ ఎక్కడ దొరుకుతుందా అనుకుంటున్నాను. ఆయన బల్ల సొరుగు లాగారు. లోపల ప్లాస్టిక్ సంచిలో ఎర్రదారాలు, తళుకు బిళ్ళలు. సంచి సగానికి పైగా ఖాళీ.

"ఇన్నెందుకండీ?" అన్నాను.

"అప్పుడప్పుడూ అవసరం పడుతుంటాయండి," అన్నారు, సుద్దముక్కల సంగతి చెప్పినట్టు.

నా ఒళ్ళు మండింది. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా గ్రంథాలయంలో కూర్చుని నాకు నేను నేర్చుకున్నదే. ఈ రాజీల సంగతి మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పనక్కర్లేదు. మా అక్క హైస్కూల్లో ఉండగా ఒక ఆసామి కొడుకు కాలవగట్టు మీద ఆమె చెయ్యి పట్టుకు లాగాడు. పెద్దలు కూర్చున్నారు. వాడి చేత చెల్లెమ్మా అని పిలిపించి, ఒక చీర పెట్టించి, కాఫీలు తాగి లేచిపోయారు. వాడు బడికి వెళ్ళాడు. మా అక్కని మాత్రం, మళ్ళీ గొడవెందుకని మానిపించేశారు. నాకు ఎక్కాలు నేర్పిన మనిషి ఆవిడ. ఆ కోపం నాలో ఇంకా ఉంది. చల్లారనివ్వను కూడా.

కుర్రాడు చెయ్యి చాపాడు. పెదవి కింద నవ్వు దాచుకుంటున్నాడు.

"కట్టమ్మా, కట్టు. నువ్వూ మా అమ్మాయి లాంటిదానివే," అన్నాడు వాళ్ళ నాన్న.

"మీ అమ్మాయి లాంటిది కాకపోతే ముట్టుకోవచ్చేంటండీ?" అన్నాను. "కొత్త మనిషి కనబడితే ముందు వరస కలిపే జనం మనం. పిలుపుకి బానే ఉంటుంది. ఇవాళ చెల్లెలన్నారు కాబట్టి వదిలేస్తాడు. రేపు ఎవర్నో మరదలి వరస అంటాడు. అప్పుడేం చేస్తారు?"

"మీరు ఆవేశపడకండి," అన్నారు ప్రిన్సిపాల్. "రేపు పిల్లకి సంబంధాలు చూడాలి. బయటికొస్తే ఎవరి పరువండీ పోయేది?"

"చెయ్యి వేసినవాడిది. అందులో అనుమానం దేనికండీ?"

మా పిల్ల లేచి నిలబడింది.

"సార్, రాజీ కావాలంటే అడగాల్సింది నేనండి. నేను అడగలేదు. నా ఫిర్యాదు కాలేజీ కమిటీకి పంపించండి. ఇతనికి నేనేమీ అవను. ఏమీ అవకపోయినా నా జోలికి రాకూడదు."

"సారీ చెప్పాను కదా," అని గొణిగాడు కుర్రాడు.

"చెప్పావు, సార్‌కి."

వాడి మొహంలో నవ్వు పోయింది. మేము కాజాలు ముట్టకుండా వచ్చేశాం.

తర్వాత రాజీ పడమని ఫోన్లు మొదలయ్యాయి. వీధిలో వాళ్ళూ హితవు చెప్పారు, ఆడపిల్ల కదా, ఎందుకండీ అని. ఆడపిల్ల కాబట్టే అన్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. చివరికి కమిటీ కూర్చుంది.

ఆ రోజు బస్సులో ఏం మాట్లాడాలో అంతా కూడబలుక్కున్నాను. గుమ్మం దగ్గర మా పిల్ల నన్ను ఆపేసింది.

"నువ్విక్కడే కూర్చో తాతయ్యా. లోపలికొస్తే నీ ఉపన్యాసమే అవుతుంది."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసినా మా పిల్ల గొంతు వినబడుతూనే ఉంది. ఎక్కడా తగ్గలేదు. ఇంతలో ఎవరో ఆడపిల్ల వచ్చి, ఆఖరి సంవత్సరం అట, కాసేపు అటూ ఇటూ చూసి నా పక్కన నిలబడింది.

"లోపలున్నది మీ మనవరాలాండీ? నా విషయంలోనూ ఆ అబ్బాయేనండి. పోయినేడు సర్దేశారు. ఇప్పుడు చెబితే వింటారంటారా?"

"వినేదాకా కదలకమ్మా," అని పక్కకి జరిగాను.

తలుపు తెరుచుకుంది. బయటికొచ్చిన మా పిల్ల ఆ అమ్మాయి మొహం చూసింది, చేతిలో నలుగుతున్న చున్నీ కొస చూసింది. లోపల కమిటీ వాళ్ళు లేస్తూ కుర్చీలు జరుపుతున్న చప్పుడు. మా పిల్ల వెనక్కి తిరిగి తలుపు మూసుకోకుండా చేత్తో ఆపి, "కూర్చోండి మేడం, ఇంకొకరు చెప్పాల్సింది ఉంది," అంది.