చెమర్చని కుండలు

2024 మే 6, సోమవారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. ఉచ్చీరప్ప దానమ్మ పెరట్లోకి వచ్చాడు. అంతకుముందు ఆయన అక్కడ అడుగుపెట్టి ఐదేళ్ల ఇరవై రెండు రోజులైంది.

దానమ్మకు యాభై నాలుగేళ్లు. ఎమ్మిగనూరు నుంచి నందవరం పోయే దారిలో, ఒక చిన్న ఊళ్లో ఆమె ఇల్లు. వెనుక ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై ఆరు అడుగుల పొడవు పెరడు, ఎర్ర నేల. భర్త ఇశ్రాయేలుకు చక్కెర జబ్బు. కూరగాయలు ఎక్కువ తినమని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆ ఇంటి కూరంతా ఈ పెరటిదే. పదకొండేళ్లు ఆమె పక్కనే ఉన్న ఉచ్చీరప్ప చేలో కూలికి పోయింది. కూలి కాక ఒక ఒప్పందం ఉండేది: మడులు తడిపాక కాలువలో మిగిలే బోరు నీళ్లు అరగంట సేపు ఆమె పెరటికి పారాలి. అది నోటిమాట ఒప్పందమే.

2019 ఏప్రిల్ 14 మట్టల ఆదివారం. ఉచ్చీరప్ప చెనక్కాయలు పీకడానికి పిలిస్తే, ప్రార్థన ముగించుకుని వస్తానని దానమ్మ కబురు పంపింది. పది గంటలకు ఆయన స్వయంగా పెరట్లోకి వచ్చి, నీళ్లు పారే కాలువ మూతిలో మన్ను నింపిన గోనెసంచి కుక్కాడు.

"ప్రార్థన సేసిన కాడనే నీళ్లు గూడ అడుక్కో పో" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో నలభై మూడు మొక్కలు ఎండాయి. వంగ పదహారు, మిరప పన్నెండు, టమాటా తొమ్మిది, గోరుచిక్కుడు ఆరు. ఈనాటికీ ఆమె ఇదే వరుసలో చెబుతుంది. పంచాయితీకి పోలేదు. కాలువ మొదట్లో నిలబడి ఒక్క శాపనార్థమూ పెట్టలేదు. ఇశ్రాయేలుతో మాత్రం, "ఆయప్ప సెట్లు నా కండ్ల ముందర ఎండల్ల. అంతవరకు నేను సావను" అన్నది. మరునాటి నుంచి వేరేవాళ్ల చేలకు కూలికి పోయింది.

ఆ మే నెలలోనే ఆమె ఒక సంగతి గమనించింది. తాగునీటి కుండ కింది ఇసుకలో ఎవరూ నాటని, ఎవరూ తడపని తోటకూర మూరెడెత్తు ఎదిగింది. ఆ వారమే రెండు కొత్త మట్టికుండలు మెడ దాకా భూమిలో పూడ్చి, మూతిమీద నాపరాయి ముక్క కప్పి, చుట్టూ నాలుగేసి విత్తనాలు పెట్టింది. రెండేళ్లకు కుండలు పది అయ్యాయి. కొళాయి వారానికి రెండుసార్లు వచ్చినా ఆ నీళ్లే సరిపోయేవి.

ఊరి బడిలో విజ్ఞానశాస్త్రం చెబుతూ నేను ఆ కుండలను మూడు వేసవులు కొలిచాను. ఎనిమిది లీటర్ల కొత్త కుండ మే నెలలో రోజుకు సగటున 1,150 మిల్లీలీటర్లు నేలకు వదులుతుంది. అయితే ఇక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ. రెండు వేసవులు గడిచేసరికి అది కుండ గోడలోని సన్న రంధ్రాలను పూడ్చేస్తుంది. అప్పుడు అదే కుండ రోజుకు 35 మిల్లీలీటర్లకు మించి వదలదు. "చెమట సచ్చింది" అంటుంది దానమ్మ. అలాంటివాటిని పెరికి గోడ పక్కన బోర్లించేది. ఉచ్చీరప్ప వచ్చిన ఉదయానికి అవి పదిహేను.

ఉచ్చీరప్ప బోరు ఏప్రిల్ 27న ఎండిపోయింది. జనవరిలో నాటిన నిమ్మ అంట్లు పద్నాలుగింటికి ఆయన బిందెలతో నీళ్లు మోస్తున్నాడు.

"ఇంత ఎండలో గూడ నీ పెరడు పచ్చగుండాదే దానమ్మా!"

"ఎండ అందరికీ ఒకటే గదప్పా."

"వాన పడేదాకా అంట్లు కాపాడుకోవల్ల. పద్నాలుగు కుండలియ్యి. నీ మాదిరే సెట్టుకొకటి పూడ్సి, వాడుకోని ఇస్తా."

దానమ్మ పెరట్లో బండమీద రెండు కుండలు పెట్టింది. ఒకటి ఆ వారమే సంతలో కొన్న కొత్తది, ఒకటి గోడ పక్కది. రెండింటినీ మెడ దాకా నింపింది.

"సాయంత్రం రా అప్పా. నువ్వే సూసి ఏరుకో."

5 గంటల 40 నిమిషాలకు ఆయన వచ్చేసరికి నేను కుండలు కొలుస్తూ అక్కడే ఉన్నాను. కొత్త కుండ ఒళ్లంతా తడి. నీళ్లు రెండు వేళ్ల మందం తగ్గాయి. పాత కుండ పొడిగా ఉంది. నీళ్లు నింపినంత మేరే ఉన్నాయి.

ఉచ్చీరప్ప నవ్వాడు. "ఏమ్మే, కారే కుండ నాకంటగట్టల్లని సూస్తాండావా? ముప్పై ఏండ్లు బోరు నడిపినోన్ని. పైపు సుక్క కారితే నాకు అన్నం సయించదు."

"తెలిసినోడివి. నచ్చినవి ఎత్తుకపో."

ఆయన నా వైపు చూశాడు. నేను జవాబు చెప్పేలోపే దానమ్మ, "సారు కొలతలకు వచ్చినాడులే అప్పా. మన మాటలు ఆయనకేం పడతాయి?" అన్నది. నేను కొలతల పుస్తకంలోకి తల వంచాను. పాత కుండలు పద్నాలుగూ ఆటోలోకి ఎక్కించడానికి ఆమే చేయి వేసింది.

మూడో రోజు ఆయన ఒక కుండ తిరిగి తెచ్చాడు.

"ఇది కారతాండాది మే. తెల్లారేసరికి సగం లేదు. తక్కినయి సూడు, నింపింది నింపినట్లే ఉండాయి."

దానమ్మ కుండను తిప్పి చూసింది. అడుగున వెంట్రుకంత పగులు. ఆ పద్నాలుగింటిలో చెట్టుకు నీళ్లిచ్చేది అదొక్కటే. దాన్ని తీసుకుని, పదిహేనోది చేతికిచ్చింది.

"ఇది సుక్క గూడ పోనీదు."

"ఇట్లయితే బిందెలు మోసే పనే లేదు. గూడూరులో బిడ్డ ఇంటికి పోయి పదైదు దినాలు ఉండొస్తా."

"పోయి రా అప్పా. తొందరేముండాది, నిదానంగా రా."

ఆయన 9న పోయి, 24న తిరిగి వచ్చాడు. ఆ పదహారు రోజుల్లో బడి వరండాలోని ఉష్ణమాపకం పన్నెండు రోజులు నలభై డిగ్రీలు దాటింది. వాన లేదు.

25 ఉదయం దానమ్మ నన్ను పిలిపించింది.

"సారూ, ఆ సేన్లోకి నేను పోను. నువ్వు పోయి సూసి రా. ఆకు సూసి సెప్పొద్దు, ఆకు మళ్లా వస్తాది. గోటితో బెరడు గీకు, మొదులు దాకా గీకు. ఒక్కదాంట్లో పచ్చి ఉన్నా నాకు తెలియల్ల."

నేను పోయాను. అంటు అంటుకూ వంగి, కొమ్మ చివర నుంచి మొదలు దాకా మూడు చోట్ల గీకి చూశాను. పక్కనే ప్రతి కుండలోనూ నీళ్లు మెడకు కాస్త దిగువన నిలిచి ఉన్నాయి. ఉచ్చీరప్ప గట్టుమీద కూర్చుని తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"నీళ్లుండాయి సార్. సూడు, నిండుగా ఉండాయి. పక్కన నీళ్లు పెట్టుకోని ఎట్ల సచ్చినాయి సార్?"

నేను పుస్తకంలో రాసుకుని వెనుదిరిగాను.

8 గంటల 5 నిమిషాలకు పెరటికి వచ్చేసరికి దానమ్మ వంకాయలు కోస్తూ ఉంది. కొంగులోని కాయలు జారకుండా పట్టుకుని లేచి నిలబడింది.

"పోయినవెన్ని సారూ?"

పద్నాలుగు.