నేత్ర పీట

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే నేత్రకు ఓపిక ఎక్కువ. నాలుగేళ్ల కూతురు చార్వి మొబైల్ కోసం నేలమీద పడి దొర్లితే మొబైలూ ఇవ్వదు, కేకా వేయదు. పక్కనే పీట వేసుకుని, పురుగులకు మల్బరీ ఆకు తరుగుతూ, "ఏడ్సేది అయిపోయినాక చెప్పు బంగారూ, నేను ఈడనే ఉంటా" అంటుంది. ఆ నిదానం వీధిలో ఎవరికీ మింగుడుపడదు.

మొన్న పెళ్లికి బయల్దేరిన మొగుడు రవీంద్ర, ఒళ్లంతా సెంటు కొట్టుకుని పురుగుల గదిలోకి దూరాడు. పురుగులకు ఘాటు వాసన పడదు.

"పురుగులు సస్తాయి, బయటికి రాప్పా!" అని నేత్ర ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. అతను బయటికొచ్చి, బైకెక్కి వెళ్లిపోయినా అరుపు మాత్రం ఆగలేదు.

చార్వి పీట ఈడ్చుకొచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అరిసేది అయిపోయినాక చెప్పు బంగారూ, నేను ఈడనే ఉంటా."