పాతింటి తాళంచెవి

తెలంగాణ ఉద్యమంల బస్సులు బందైన రోజు, మా కంప్యూటర్ మెకానిక్ అన్న కొత్త ఎస్ఎస్‌డీ డిస్కును అంగి జేబుల పెట్టుకొని స్టేషన్ ఘన్‌పూర్‌ల నా డీటీపీ దుకాణానికి నడిచొచ్చిండు. సాయంత్రం సభకు నేను కరపత్రాలియ్యాలె.

విండోస్‌ను కొత్తదాంట్లకు ఎక్కించి, పాత డిస్కు పీకిండు. కంప్యూటర్ లేవలే. నాకు ఏడుపొచ్చింది.

"ఇల్లు మారినం గని తాళంచెవి పాతింట్లనే మరిచినం చెల్లె," అని నవ్వి, పాత డిస్కు మళ్ల తగిలించి కంప్యూటర్‌ను లేపే బూట్‌లోడర్‌ను గూడ కొత్తదాంట్లకు తెచ్చిండు. ఈసారి పాతది పీకినా లేచింది.

ఏ డిస్కు పీకినా దానిమీద అరచెయ్యి పెట్టి జరసేపు ఆగుడు ఆయన అలవాటు. "ఇంక ఎచ్చగనే ఉన్నది. పారెయ్యకు," అన్నడు.

రాష్ట్రమొచ్చింది. అన్న ఇప్పుడు లేడు. మొన్న కొత్తది చెడిపోతే, దాచిన పాతదాన్ని తగిలించిన. లేచింది. ఆనాడు అన్న పాతింటి తాళంచెవి పట్టుకపోలే, అసొంటిదే ఇంకోటి చేయించిండు.

డిస్కు మీదికెల్లి అరచెయ్యి తియ్యబుద్ధి కాలే.