నాలుగో రోజు నీళ్లు

ఒకప్పుడు హుమాతక్ ఊళ్లో, ఫదాంగ్ అనే అడవి చెట్టు గింజల పిండి అంటే ఎంగ్రాసియా చెయ్యాల్సిందే. ఆ గింజలో విషం ఉంటుందని గ్వామ్ దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పెంకు పగలగొట్టి, పప్పు ముక్కలు కోసి, ఏడు రోజులు నానబెట్టాలి. రోజూ నీళ్లు మార్చాలి, పారబోసిన నీళ్లు కోళ్లకు అందనివ్వకూడదు. తరవాతే ఎండబెట్టి విసురుకోవడం. అలాంటి మనిషి, తమ్ముడు హ్వాకిన్‌కు లిటికో జబ్బు వచ్చి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డ ఏడాది, తిరగలి మూలన పడేసింది. "ఆవిడకి నీలుగు ఎక్కువైంది" అని ఊళ్లో ఆడవాళ్లు ఆడిపోసుకున్నారు. వాళ్లకేం తెలుసు!

జపాను సైనికుల భయంతో అడవిలో దాక్కున్న రోజుల్లో ఆమెకు తొమ్మిదేళ్లు, వాడికి ఆరు. తిండికి ఫదాంగ్ తప్ప దిక్కులేదు. నీళ్లు మార్చే పని తల్లి ఆమెకు అప్పగించింది. నాలుగో రోజు హ్వాకిన్ "వాగులో రొయ్యలు పడదాం రావే అక్కా" అని గౌను పట్టుకుని లాగాడు. వెళ్లింది. సాయంత్రం తల్లి అడిగితే, "మార్చానమ్మా" అంది. వారం తిరక్కుండా అందరూ ఆ పిండే తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నలభై ఏళ్లకు వాడి చేతిలోంచి గ్లాసు జారిపడింది. ఆ జబ్బుకు ఫదాంగ్ విషమే కారణం కావచ్చని డాక్టర్లన్నారు. ఆ రోజు నుంచి ఆ అబద్ధం ఆమెను తినేస్తూనే ఉంది.

హ్వాకిన్ పోయిన పద్దెనిమిదేళ్లకు వాడి కూతురు రెమి వచ్చి, పెద్దలకు మొక్కే తీరులో వంగి అత్త చేతిని ముక్కుకు తాకించుకుంది. ఆ పిల్ల ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తోంది. పదార్థంలో ఉన్నవాటిని విడదీసి, అణువు బరువును బట్టి ఏది విషమో, ఎంతుందో చెప్పే యంత్రం ఆమె చేతి కింద ఉంది.

"పాతకాలం పద్ధతిలో చేసేదానివి నువ్వొక్కదానివే మిగిలావత్తా. నా యంత్రంలో పరీక్షించడానికి గుప్పెడు పిండి చాలు."

"పోవే, నా చేతులు పడిపోయాయి."

"నిన్న చెట్టెక్కి పనసకాయ కోశావట కదా, పడిపోయిన చేతులతో!"

ఎంగ్రాసియా నవ్వలేదు. "రెండు సీసాలిస్తాను. ఎందుకని అడక్కు" అంది.

రెండు బేసిన్లలో నానబెట్టింది. ఒకదానికి ఏడు రోజులూ నీళ్లు మార్చింది. రెండోదానికి నాలుగో రోజు మార్చలేదు. ఆ రోజంతా దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మార్చెయ్యమని చేతులు కొట్టుకుంటున్నా ఒళ్లో బిగించి పెట్టుకుంది. ఆ పిండి పోసిన సీసా మూతకు ఎర్రదారం కట్టింది.

మూడు వారాలకు రెమి కాగితాలు తెచ్చింది. పోల్చడానికి పెట్టిన పచ్చి గింజకు విషం గీత కాగితం అంచు దాకా లేచింది. రెండు పిండ్లకూ అడుగున చిన్న బుడిపెలు, అంతే.

"ఎర్రదారం సీసా ఏది?" ఎంగ్రాసియా కాగితం మీదికి వంగింది.

"ఏదైతేనేం? రెండూ ఒకటే. విషమంతా నానబెట్టిన నీళ్లలోనే పోయింది. ఇంతకీ ఏంటత్తా తేడా?"

అప్పుడు చెప్పింది. నాలుగో రోజూ, వాగూ, రొయ్యలూ, అబద్ధమూ. రెమి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"పిచ్చిదానా! నాన్నకు ఆ జబ్బు ఎందుకొచ్చిందో ఈ యంత్రం చెప్పదు, ఇంకెవరూ తేల్చలేదు. కానీ ఆ ఒక్క పూట నీళ్లకూ దానికీ సంబంధం లేదు. మంచి కబురు చెబితే ఏడుస్తావేంటి?"

"వాడు అడిగాడే" అంది ఎంగ్రాసియా. "పోయే ముందు వారం. నాలుక తిరగడం లేదు, అయినా అడిగాడు. 'అక్కా, ఒక్క ఫదాంగ్ రొట్టె కాల్చి పెట్టవే' అని."

"పెట్టావు కదా. నేనే తుంచి నోట్లో పెట్టాను."

"అది గోధుమపిండే తల్లీ. ఫదాంగేనని చెప్పాను."

రెమి చెయ్యి ఆమె భుజం మీదే ఆగిపోయింది. తండ్రి ఆ రొట్టె ముక్కను నాలుకతో మెల్లగా బయటికి తోసెయ్యడం రెమికి గుర్తుంది. మింగలేక అనుకుని, పెదవులు తుడిచి, మంచం పక్కన నిలబడ్డ అత్త వైపు చూసిందప్పుడు. అత్త గోడకేసి తిరిగి నిలబడి ఉంది.